పేరు తెలియని విద్యార్థిని

గోలేటి,
6 అక్టోబర్ 2025

కోడలు పిల్ల దీపకు,

మీ తిరుమలత్త రాసేది. ఇక్కడ మీ మామ, నేను మంచిగనే ఉన్నం. మీరెట్లున్నరని తర్వాత అడుగుత. ముందు నీతోని ఒక సంగతి తేల్చుకునేదున్నది. మూడుసార్లు ఫోన్ చేసిన, నువ్వు ఎత్తలేదు. నాలుగోసారి చేస్తే ఎత్తుతవేమో గని, అప్పటికి నా నోట్లకెల్లి ఏం మాట వస్తదో నాకే తెల్వదు. అందుకే కాగితం పట్టుకున్న.

మీ కాలేజీ పంపిన పుస్తకం నిన్న వచ్చింది. కాలేజీకి యాభై ఏండ్లు నిండినయట, పాత ఫోటోలు, విద్యార్థి సంఘాల కాగితాలు, గోడపత్రికలు అన్నీ ఏరి ఆర్కైవు గది పెట్టిండ్రట, వచ్చేనెల పదిహేనున తెరుస్తరట. కవరు మీద ఎవరో సక్కగ రాసిండ్రు: శ్రీమతి తిరుమల, పూర్వ విద్యార్థిని, 1986–89, అంగన్‌వాడీ టీచర్, గోలేటి. పిన్‌కోడు గూడ తప్పు పోలేదు. నేను మస్తు మురిసిన. మీ మామను పిలిచి సూపెట్టిన. ఆ సంబురంల రెండోసారి చాయ్ గూడ పెట్టిన, మా ఇంట్ల రెండో చాయ్ అంటే నీకు తెలుసు గదా ఎంత పెద్ద సంగతో.

ఇగ పదిహేడో పేజీ తీసిన. విద్యార్థి సంఘం, 1988 మార్చి, గోడపత్రిక బోర్డు ముందట ఆరుగురం నిలవడ్డ ఫోటో. ఐదుగురు మొగపిల్లల పేర్లు ఇంటిపేర్లతో సహా ఉన్నయి. ఎడమ నుంచి నాలుగో మనిషి దగ్గర ఏమున్నదో నేను రాయాల్నా, నువ్వే రాసినవు గదా. "పేరు తెలియని విద్యార్థిని."

కవరు మీద తెలిసిన మనిషిని, కవరు చింపంగనే తెల్వని మనిషినయిన. ఆ పేజీ అడుగున "సేకరణ, వివరాలు: దీప, గ్రంథాలయం" అని అచ్చయి ఉన్నది. ఇరవై ఒకటో రోజు నిన్ను తొట్టెల్ల వేసినప్పుడు నీ చెవుల మూడుసార్లు నీ పేరు చెప్పిందెవరు? మేనత్తను, నేను. నీకు పేరు పెట్టిన మనిషి పేరు నీకు తెల్వకుంట ఎట్ల పోయింది?

మీ మామ "ఏదో పొరపాటయి ఉంటది, పిల్లను ఊకె అనకు" అన్నడు. ఆయనకు లోకంల అన్నీ పొరపాట్లే. పొరపాటైతే ఒక అక్షరం తప్పు పోతది, మనిషి మనిషే పోదు. ఇంకోటి, ఆ ఏడు నేను గోడపత్రికల ఒక వ్యాసం రాసిన, "మా బాపుకు రెండు పేర్లు" అని. ఫోటోల నా వెనుక బోర్డు మీద దాని పేరు కనబడుతున్నది గని, గోడపత్రికల పేజీలన్నీ తిరగేస్తే దాని ముచ్చటే లేదు. అది ఏమయింది?

జవాబు ఫోన్ల చెప్పకు, కాగితం మీదనే రాయి. కాగితం ఉంటే రేపు నేనట్ల అనలేదని నువ్వు అనలేవు.

ఇట్లు,
పేరు తెలిసిన మీ మేనత్త,
తిరుమల

*

గోదావరిఖని,
10 అక్టోబర్ 2025

తిరుమలత్తకు దీప నమస్కారాలు.

అత్తా, నీ ఉత్తరం కాలేజీకి వస్తే అక్కడే చదివిన. ఇంటికి రాయకుంట కాలేజీకి రాసినందుకు మంచిగయింది. ఫోన్ ఎత్తలేదని కోపం చేయకు. సాయంత్రం ఇంట్ల డాడీ పక్కనే కూసుంటడు, నీతోని కాలేజీ ముచ్చట మాట్లాడుడు నాకు కష్టం. ఈ సంగతి డాడీని అడగకు, దండం పెడుత. ఆయన నడుము నొప్పి ఎక్కువయింది, మెడికల్ బోర్డుకు తిరుగుతున్నడు, బీపీ గోలీలు మార్చిండ్రు.

ఫోటో సంగతి చెప్త. మాకు ఆర్కైవుకు నియమాలు ఉన్నయి. ఫోటోల ఉన్న మనిషి పేరు, అడ్మిషన్ రిజిస్టర్ల ఉన్న పేరు కలిస్తేనే అచ్చు వెయ్యాలె. రిజిస్టర్ల నువ్వు "తిరుమల, తండ్రి లింగమూర్తి" అని ఉన్నవు. ఫోటోల ఉన్నది ఆ తిరుమలే అనడానికి రాతపూర్వకంగ ఏదన్న ఉండాలె. పుస్తకం అచ్చుకు పోయే తొందరల అది దొరకలేదు. అందుకని గట్ల పడ్డది. నువ్వు ఆ రోజుల సంగతులు ఒక వాంగ్మూలం తీరు రాసి పంపితే ఫైల్ల పెడుత. మళ్లీ అచ్చు వేసినప్పుడు చూద్దం.

నీ వ్యాసం దొరకలేదు అత్తా. అప్పటి గోడపత్రికలు సగం చెదలకు పోయినయి.

నా పని ఏం చెప్పాలె. ఆరునెలల నుంచి ధూళిలనే ఉన్న, తుమ్ములు ఆగుత లేవు. ప్రిన్సిపాల్ సార్ రోజుకొక కొత్త మాట చెప్తడు. పృథ్వీరాజ్ మామ కొడుకు పెండ్లికి వస్తవా? వస్తే అప్పుడు కూసోని మాట్లాడుకుందం. మామకు నమస్తే చెప్పు. చిన్నపిల్లలను ఎత్తుకొని మోకాళ్లు పాడుచేసుకోకు.

నీ కోడలు,
దీప

*

గోలేటి,
15 అక్టోబర్ 2025

దీపా,

నువ్వు అడిగిన వాంగ్మూలం ఇదే. ఫైల్ల పెట్టుకో, పటం కట్టించుకుంటే గూడ నాకేం అభ్యంతరం లేదు.

1988ల నేను డిగ్రీ రెండో సంవత్సరం. సంఘంల నేనొక్కదాన్నే ఆడపిల్లను. పైసలు వసూలు చేసుడు, జెండాలు కుట్టుడు నాకు చెప్పిండ్రు. నాకు కుట్టుడు రాదు, రాసుడు వస్తది అని చెప్పిన. మస్తు నవ్విండ్రు. ఒక కామరాజు మాత్రం నవ్వలేదు. జ్యోతినగర్ల ఇంజనీరు కొడుకు, కోస్తా నుంచి వచ్చినోళ్లు, సంఘానికి అధ్యక్షుడు. "సరే, వచ్చే సంచికలో నువ్వే రాయి" అన్నడు.

మార్చి పద్నాలుగు, సోమవారం పొద్దున బోర్డు మీద పెట్టినం. ఆ ఫోటో ఆ పొద్దు తీసిందే. వ్యాసం నాకు ఇంకా నోటికున్నది, ఇన్నేండ్ల నుంచి అప్పుడప్పుడు నాకు నేనే చెప్పుకుంట. సగం రాస్త విను.

"మా బాపుకు రెండు పేర్లు. ఇంట్ల బిక్షం, బాయి మీద లింగమూర్తి. లింగమూర్తి మా ఊరాయన. నౌకరి కాగితం ఆయనకు వచ్చింది. బొగ్గుబాయిల దిగుడంటే భయమై ఊరికి మర్లిపోయిండు. ఆ కాగితం పట్టుకొని మా బాపు దిగిండు. మొదటి వారం హాజరు పిలుస్తుంటే మా బాపు పలుకకపోతుండె. పక్కాయన మోచేతితోని పొడిస్తే అప్పుడు 'ఉన్న' అంటుండె. తర్వాత అలవాటయింది. ఇప్పుడు ఊర్ల ఎవరన్న బిక్షం అని పిలిస్తే ఒక గడియ ఆలోచించి తిరిగి చూస్తడు. ఊర్ల లింగమూర్తి సచ్చిపోతే మా బాపు పోయి పాడె మోసిండు. ఇంటికొచ్చి తానం చేసి, ఇగ ఆ పేరుకు నేనొక్కన్నే మిగిలిన అన్నడు. నా పుస్తకాల మీద తండ్రి పేరు లింగమూర్తి అని రాస్త. మా అసొంటి ఇండ్లు ఈ గనుల మీద ఎన్నున్నయో మన సంఘం అడుగాలె."

ఇది రాసినప్పుడు నాకు ఇరవై ఏండ్లు. మధ్యాహ్నానికి బోర్డు ముందట గుంపు. క్యాంటీన్ల పనిచేసే అవ్వ గూడ వచ్చి ఎవరితోనో చదివిచ్చుకొని, "మా ఇంటాయనకు గూడ గంతే బిడ్డా" అన్నది. ఆ దినం నేను నడిచి ఇంటికి పోలేదు, ఉరికిన.

తెల్లారి పోయి చూస్తే నా కాగితం ఒక్కటే లేదు. మిగతా కాగితాలన్నీ ఉన్నయి. బోర్డుకు ఇనుప జాలి తలుపు, దానికి తాళం. తాళంచెవి కామరాజు దగ్గర ఉంటది. పోయి అందరి ముందట అడిగిన. నేల దిక్కు చూసిండు తప్ప మాట్లాడలేదు. ఆఫీసరు కొడుకువు, బాయి కూలోళ్ల ముచ్చట నీ బోర్డు మీద ఉంటే నీకు నామోషీ అయిందా అన్న. దొంగ అన్న. సంఘంల నా పేరు కొట్టేసుకొని వచ్చిన. తర్వాతి ఏడు గోడపత్రిక నువ్వే చూడు అని కబురు పంపిండ్రు, పోలేదు. అటెన్క నేను రాసింది ఏందంటే అంగన్‌వాడీల గుడ్ల రిజిస్టరు.

ఇప్పుడు నీ సంగతికి వస్త. ఆ పుస్తకం మొదటి పేజీల కామరాజు ఫోటో అరపేజీ ఉన్నది, ఆర్కైవు గదికి బీరువాలు ఆయననే ఇప్పిచ్చిండట. నువ్వు కాంట్రాక్టు మీద ఉన్నవు. ప్రిన్సిపాల్ పక్కన కుర్చీ ఏసుకొని కూసునే మనిషి ఆ పేరు వద్దంటే నువ్వు కాదంటవా? నియమాలట. ఐదుగురు మొగోళ్లకు ఏ వాంగ్మూలం తెచ్చినవు? వాళ్లు రిజిస్టర్లకెల్లి లేచి వచ్చి సాక్ష్యం చెప్పిండ్రా? ఒక బీరువాకు మేనత్తను అమ్ముకున్నవు. ఇంత కఠినంగ రాయొద్దనుకున్న గని చెయ్యి ఆగలేదు, కొట్టివేయను.

పెండ్లికి రాను. మోకాళ్ల ఫికర్ నువ్వు చెయ్యకు.

తిరుమల

*

గోదావరిఖని,
24 అక్టోబర్ 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు ఏం చెయ్యబుద్ధి కాలేదు. అమ్ముకున్నవు అన్నవు. ఆ మాట నువ్వు అనొచ్చు, ఎందుకంటే నేను నీకు అబద్ధం రాసిన. కని ఎవరికి అమ్ముకున్ననో నువ్వు తప్పు అనుకుంటున్నవు. ఇప్పుడు దాచేది లేదు, మొత్తం రాస్త.

నీ వ్యాసం దొరికింది. జూన్ల దొరికింది.

కాలేజీల పోశం అని అటెండర్ ఉండె, నీకు యాదికుండొచ్చు. ఆయన పోయి చాలా ఏండ్లయింది. ఆర్కైవు పెడుతున్నరని తెలిసి ఆయన కొడుకు ఒక ట్రంకుపెట్టె తెచ్చి ఇచ్చిండు. అందుల పాత గంట షెడ్యూళ్లు, హాస్టల్ బియ్యం చీటీలు, అన్నింటి కింద నాలుగు మడతలు పెట్టిన నీ కాగితం. నీ చేతిరాత నాకు తెల్వకుంట ఉంటదా, అక్షరాలు దిద్దిచ్చింది నువ్వే. లైబ్రరీ తలుపు దగ్గరికేసి మూడుసార్లు చదివిన. తాతకు రెండు పేర్లని నాకు తెలుసు గని, హాజరు పిలిస్తే పలుకకపోతుండె అని ఎవరూ చెప్పలేదు.

కాగితం వెనుక పోశం రాసింది ఉన్నది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్న: "14-3-88. తిరుమల తండ్రి బిక్షం, బాయి పేరు లింగమూర్తి, ఫస్ట్ షిఫ్టు దిగి బట్టలు మార్చకుంట గేటు కాడికి వచ్చిండు. ఎవరో చెప్పిండ్రట. నౌకరి పోతది, పిల్లలు ఆగమైతరు, అది చించి కాలవెట్టు అని చేతులు పట్టుకున్నడు. నా దగ్గర రెండో తాళంచెవి ఉంటే తీసిన. చింపబుద్ధి కాలేదు. పిల్లకు చెప్పొద్దని ఒట్టు ఏపిచ్చుకున్నడు. పోశం."

అత్తా, నీ కాగితం తీయించింది తాత.

కామరాజు సార్ సంగతి. ఫోటోల ఉన్నోళ్ల పేర్లు చెప్పింది ఆయననే. వేలు పెట్టి చూపిచ్చి, "ఈవిడ తిరుమల గారండి. ముందు ఆవిడ పేరు వేసి, తర్వాత మావి వేయండి" అన్నడు. నీ ఉత్తరం చదివినంక ఫోన్ చేసి, మరి ఆ గొడవ ఏంది సార్ అని నేనే అడిగిన. "ఆ రోజు పోశాన్ని నిలదీస్తే చెప్పాడమ్మా. వాళ్ల నాన్నగారి ఉద్యోగం సంగతి. నలుగురిలో ఎలా చెబుతాను, తిట్టనీలే అని ఊరుకున్నాను" అన్నడు. పేరు తీసేసింది ఆయన కాదు, ప్రిన్సిపాల్ కాదు. నేను తీసేసిన.

ఎందుకంటే నేను ఆ కాగితం దొరికిన దినమే సంతోషంగ ఇంటికి పోయి డాడీకి చెప్పిన. డాడీ అన్నం పళ్లెం ముందటి నుంచి లేచిండు. డాడీ నౌకరి లింగమూర్తి కొడుకుగ వచ్చింది గదా. ఇప్పుడు మెడికల్ బోర్డుల అన్‌ఫిట్ అయితే మా తమ్ముడు రుత్విక్‌కు ఆ నౌకరి రావాలె. ఫైలు విచారణల ఉన్నది. మారుపేరు ఉన్నదా అని ఊర్ల అడుగుతరు, పాత కాగితాలు తిరగేస్తరు. ఆ ఫోటోల నీ వెనుక బోర్డు మీద "మా బాపుకు రెండు పేర్లు" అని పెద్ద అక్షరాలు సాఫ్ కనబడుతున్నయి. దాని కింద నీ పేరు పెడితే ఇంకేం మిగిలింది? ఫోటో తీసేద్దమంటే అప్పటి గోడపత్రిక ఫోటో అదొక్కటే. ప్రిన్సిపాల్ సార్ ఒప్పుకోలేదు. డాడీ నా ముందట చేతులు జోడిచ్చిండు అత్తా. నేను ఆయన బిడ్డను, నన్ను దండం పెట్టి అడిగిండు. అప్పుడు నేను నీ పేరు కొట్టేసి అట్ల రాసిన. వ్యాసం బీరువాల అడుగున పెట్టిన.

రుత్విక్ డిప్లొమా అయి మూడేండ్లు. ఓపెన్‌కాస్టు కాంట్రాక్టరు దగ్గర రోజు కూలికి పోతున్నడు. వానికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

నువ్వు పెద్ద మనసు చేసుకొని నీ తమ్ముని కోసం ఈ ఒక్క త్యాగం చేస్తవని డాడీ అంటున్నడు. నేను ఏం అడుగలేను. నువ్వు ఎట్ల చెప్తే అట్ల చేస్త. పేరు పెట్టుమంటే ప్రదర్శన దినం అట్టమీద రాసి పెడుత.

దీప

*

గోలేటి,
2 నవంబర్ 2025

దీపా,

నీ ఉత్తరం వచ్చి వారమయింది. రెండు రోజులు సెంటరుకు పోలేదు, జ్వరమని చెప్పిన. మీ మామ మంచిర్యాల దవాఖానకు పోదమన్నడు. దవాఖానల దీనికి మందు లేదన్న.

మా బాపు మీద నాకు కోపం వచ్చింది. సచ్చిపోయినోని మీద కోపం పెట్టుకుంటే అది ఎటు పోవాల్నో తెల్వది. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చిండు, తానం చేసిండు, నన్ను పక్కన కూసోబెట్టుకొని అన్నం తిన్నడు. తెల్లారి నేను ఏడ్సుకుంట వస్తే "ఎవడు తీసిండు బిడ్డా, వాని చెయ్యి పడిపోను" అని మా అవ్వ అన్నది, ఆయన వింటనే ఉన్నడు. నౌకరి పోతదని నాకు అప్పుడు తట్టలేదు, అది నా తప్పే, ఒప్పుకుంట. ఒక్కమాట "బిడ్డా, నా నౌకరి పోతది, తియ్యి" అని నాతోని అంటే నా చేతులతోని నేనే తీద్దును. నన్ను అడుగబుద్ధి కాలేదా ఆయనకు?

కామరాజు గూడ అంతే. పెద్దమనిషి తీరు ఊకున్నడట. ముప్పై ఏడేండ్లు తప్పు మనిషిని తిట్టుకుంట బతికిన నేను. ఎక్కడన్న ఆయన పేరు వినబడితే ఉమ్మేసిన. ఆయన మంచోడే కావచ్చు, ఆ మంచితనం నా నెత్తి మీద ఎందుకు పెట్టిండు? పోశం ఒట్టు వేసిండు. మీ డాడీ చేతులు జోడిచ్చిండు. నువ్వు కొట్టేసినవు. అందరు మంచోళ్లే, అందరు ఎవరి కోసమో ఒకరి కోసం చేసిండ్రు. నన్ను అడిగినోడు ఒక్కడు లేడు. నాకు చెప్తే ఏమైతదో అని అందరికి భయం, నన్ను తీసేస్తే మాత్రం ఎవరికి భయం లేదు.

బయటోళ్లు తీసిండ్రని ఇన్నేండ్లు అనుకున్న. రెండుసార్లు తీసింది ఇంటోళ్లే.

ఇప్పుడు అసలు మాట. రుత్విక్ గాడు ఏం పాపం చేసిండు? వాడు కూలికి పోతుంటే నా పేరు గోడ మీద ఉండాలని నేను కూసుంటనా? నేను అసొంటిదాన్ననా మీ డాడీ నీతోని అడిగిచ్చింది? నా పేరు పెట్టకు. ఆ ఫోటో కింద ఎట్లున్నది అట్లనే ఉండనీ. వ్యాసం ప్రదర్శనల పెట్టకు.

కని త్యాగం అన్న మాట ఇంకోసారి నా ముందట ఎత్తకు. త్యాగం అంటే నేను ఇచ్చేది. నేను ఇయ్యలేదు, మీరు తీసుకున్నరు. తీసుకున్నంక వచ్చి ఇచ్చినట్టు చెప్పుమంటున్నరు. అది నాతోని కాదు.

నువ్వు ఆర్కైవు మనిషివి గదా, నీ దగ్గర వస్తువులు రాసుకునే పెద్ద రిజిస్టరు ఉంటది. అందుల రాయి. రాసినవారు: తిరుమల, బిక్షం బిడ్డ. ఎప్పుడు తీసిండ్రు, ఎవరు తీయించిండ్రు, రెండోసారి ఎవరు ఆపిండ్రు, ఎందుకు ఆపిండ్రు. దాని కింద మీ డాడీ, నువ్వు ఇద్దరు సంతకాలు పెట్టాలె. ఆ రిజిస్టరు బీరువాల పెట్టి తాళం వేసుకో, ఎవరికి సూపెట్టకు, నాకేం ఫికర్ లేదు. మీ డాడీ సంతకం పెట్టనంటే నాకు తమ్ముడు లేడని చెప్పు. ఇది బెదిరింపే, అట్లనే చెప్పు.

పదిహేనున వస్త. కామరాజును దొంగ అన్నది అందరి ముందట, కాదు అనేది గూడ అందరి ముందటనే అనాలె.

తిరుమల

*

గోదావరిఖని,
9 నవంబర్ 2025

అత్తా,

నిన్న సెకండ్ సాటర్డే, కాలేజీల ఎవరూ లేరు. డాడీని తీసుకపోయిన. నీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చిన. చదివి అద్దాలు తీసి జేబుల పెట్టుకున్నడు.

రిజిస్టరు ముందట పెట్టి నువ్వు చెప్పినట్టే రాసిన. వస్తువు సంఖ్య 212. రాసినవారు తిరుమల, బిక్షం బిడ్డ. 1988 మార్చి 14న తండ్రి కోరగా తీసివేయబడినది. 2025ల మళ్లీ ప్రదర్శన నుంచి ఆపబడినది. ఆపినవారు: తమ్ముడు జైపాల్, మేనకోడలు దీప. కారణం: ఇంట్ల ఒకరి నౌకరి. రాసినామెను అడుగలేదు. ఆ చివరి వాక్యం నువ్వు చెప్పలేదు, నేను కలిపిన.

నేను సంతకం పెట్టిన. డాడీ అసలు కాగితం చూస్త అన్నడు. బీరువాల నుంచి తీసి ఇచ్చిన. ఆయన అది ఎన్నడు చదవలేదట అత్తా, అప్పటికి పదమూడేండ్లట, ఇంట్ల లొల్లి అయిందని ఒక్కటే యాదికున్నదట. వేలు పెట్టుకొని మెల్లగ చదివిండు. పాడె మోసిన దగ్గరికి వచ్చి ఆగిపోయిండు. "నేను గూడ పోయిన ఆ దినం, మర్లి వచ్చేటప్పుడు నన్ను భుజం మీద ఎత్తుకున్నడు" అన్నడు.

సంతకం కింద తండ్రి పేరు రాసే గడి ఉన్నది. అది ఖాళీగ వదిలెయ్యి డాడీ అని నేనే అన్న, ఫైలు సంగతి తెలుసు గదా అని. ఆయన నా చేతిల పెన్ను గుంజుకొని బిక్షం అని రాసిండు. బ్యాంకు, ఆధారు, నౌకరి, మా స్కూలు కాగితాలు, దేనిమీద గూడ ఆయన ఇప్పటిదాక ఆ పేరు రాయలేదట. అక్షరాలు వంకర పోయినయి. కిందికి వచ్చినంక స్కూటర్ స్టార్ట్ చెయ్యలేకపోయిండు, నేనే నడిపిన.

నువ్వు వచ్చినప్పుడు ఏం మాట్లాడాల్నో ఆయనకు తెలుస్త లేదు. ఇంట్ల దిగుతవా?

దీప

*

గోలేటి,
18 నవంబర్ 2025

కోడలు పిల్లకు,

మొన్న మీ ఇంట్ల దిగకుంట బస్సెక్కి వచ్చిన. మీ అమ్మ చేపల కూర వండిపెట్టిందట, ఆమెకు చెప్పు, ఆమె మీద నాకేం లేదు. మీ డాడీ నన్ను చూసి దగ్గరికి వచ్చి నా చేతిల సంచి తీసుకున్నడు, బస్టాండు దాక మోసిండు. ఆయనతోని ఇంకా కొన్ని దినాలు మాట్లాడను. సంచి మోసింది మాత్రం మంచిగనిపిచ్చింది, అది చెప్పకు.

కామరాజు సంగతి నువ్వు చూసినవు. మైకు నా చేతికి ఇచ్చేదానికి ప్రిన్సిపాల్ నసుగుతుంటే కామరాజే తెచ్చి ఇచ్చిండు. అప్పుడు ఈయనను దొంగ అన్న, ఈయన తియ్యలేదు, నేను అన్నది తప్పు అని చెప్పిన. మరి ఎవరు తీసిండ్రని వెనుక నుంచి ఎవరో అడిగిండ్రు. నాకు తెలుసు, చెప్పను అన్న. కిందికి దిగినంక ఆయనను పక్కకు పిలిచి, నాకు చెప్పకుంట ఊకున్నందుకు తిట్టిన గూడ. తలకాయ ఊపిండు. "తిట్టండి, ఈసారి సరైన కారణానికే" అన్నడు.

నువ్వు చూడనిది ఒకటి ఉన్నది, అదే రాద్దమని కూసున్న.

మధ్యాహ్నం అందరు తినబోయినంక నేనొక్కదాన్నే ఆ ఫోటో ముందట నిలవడ్డ. పెద్దగ చేసి అద్దంల పెట్టిచ్చినవు. రెండు జడలు, ఒక చెయ్యి బోర్డు మీద పెట్టి ఉన్న నేను. నేనింత బక్కగ ఉంటినా అనుకున్న. ఇద్దరు ఆడపిల్లలు వచ్చిండ్రు, ఫస్టియర్ అట, మెడల ఐడీ కార్డులు. ఒకామె ఫోన్ పట్టుకొని "జర జరుగమ్మా" అన్నది. జరిగిన. ఫోటో తీసుకున్నది. మొగపిల్లల పేర్లన్నీ చదివి, నా దగ్గరికి వచ్చి ఆగింది. "ఇందరిల ఈమెదొక్కటే పేరు లేదేందే" అని రెండో ఆమెతోని అన్నది. మల్ల నా దిక్కు తిరిగి, "అమ్మా, మీరు అప్పటోళ్లేనా, ఈమె ఎవరో తెలుసా?" అని అడిగింది.

చిన్నప్పుడు నా కొంగు పట్టుకొని తిరిగిన రుత్విక్ గాని ముఖం కనబడ్డది నాకు. "తెల్వదు బిడ్డా" అన్న.

నా నోటితోని నేనే అన్న దీపా. బాపు తీసిండు, నువ్వు కొట్టేసినవు, మూడోసారి నేనే నన్ను తీసేసుకున్న. ఆ పిల్ల పోలేదు. "పాపం, ఎవరో మంచిగ రాసినట్టున్నది, వ్యాసం పేరు చూడు ఎట్లున్నదో, మా తాతకు గూడ రెండు పేర్లే" అని అద్దం మీద ముఖం పెట్టి నా వ్యాసం చదువుదమని చూసింది. అక్షరాలు చిన్నగున్నయి, కనబడలేదు. అప్పుడు నాకు వచ్చిన కోపం నీకు చెప్తే తెల్వది. నేను పక్కనే ఉన్న, నాకు నోటికున్నది, చెప్పలేను.

అందుకని ఇప్పుడే రాసి పెడుతున్న, ఇది గూడ నీ రిజిస్టర్ల అంటిపెట్టు. రుత్విక్ చేతికి ఆర్డరు వచ్చి, వాని నౌకరి పక్కా అయిన తెల్లారి నా వ్యాసం కాగితం గోడ మీద ఉండాలె, కింద నా పేరు, మా బాపు పేరు ఉండాలె. ఆ పిల్ల పేరు అడిగి పెట్టుకున్న, తరగతి గూడ రాసుకున్న, ఆమెను పిలిచి ముందు ఆమెకు చదివిస్త. నీకు తీరిక లేదన్నా, ప్రిన్సిపాల్ వద్దన్నా, మీ డాడీ మళ్ల చేతులు జోడిచ్చినా నేను ఆగను. కాగితం అంటిచ్చే మైదా నేనే ఉడకబెట్టుకొని గిన్నెల పోసుకొని బస్సెక్కుత.

తిరుమల,
బిక్షం బిడ్డ